దుంగల గోడలో కర్పూరం

పాత ఊళ్ళో దుంగల ఇంటి గోడ, పాత రంగు ఊడగొట్టే హీట్ గన్ వల్ల కాలిందని న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో మా తెలుగువాళ్ళంతా నమ్ముతున్నారు. ఆ హీట్ గన్ పట్టుకున్న ముసలాయన అజాగ్రత్త మనిషనీ, నేను చేతులు కాల్చుకుని ఆయన్ని బయటికి లాగాననీ చెప్పుకుంటారు. ఇన్నాళ్ళూ నేను కాదనలేదు.

మా ఇంటి నుంచి కాస్త దూరం డ్రైవ్ చేస్తే, తొలి వలసదారుల నాటి ఊరిని మళ్ళీ కట్టిన చోటు ఒకటి వస్తుంది. పాత ఊరంటే అదే. ఎక్కడెక్కడో కూలబోతున్న బడినీ, చర్చినీ విప్పి తెచ్చి అక్కడ నిలబెట్టారు. శనివారాలు నేనక్కడ వాలంటీరుని. పని నేర్పింది ఆ ముసలాయనే, రిటైరైన వడ్రంగి. అంకుల్ అని పిలిస్తే, "నీ జుట్టు చూసుకో మేట్, మనిద్దరిలో అంకుల్ ఎవరో!" అని నవ్వేవాడు.

దుంగల ఇంటిని విప్పేటప్పుడు ప్రతి దుంగకీ నంబరున్న రేకు బిళ్ళ కొట్టాం. కుళ్ళిన మేర కోసేసి, అదే జాతి చెక్క అతికి, పాత వరసలోనే పేర్చాం. సందుల్లో ఎండు నాచు, గొర్రె ఉన్ని కూరాం. వాటి మీద మట్టి మెత్తడం ఒక్కటే మిగిలింది.

కప్పు పూర్తయిన శనివారం మా ఆవిడ కూడా వచ్చింది.

"ఇల్లన్నాక పాలు పొంగించకుండా ఎలాగండీ?"

"మనిల్లా ఏంటి?"

"ఇంట్లో కంటే ఇక్కడే ఎక్కువుంటున్నారుగా. మీదే!"

సంగతి చెబితే ముసలాయన సరదాపడ్డాడు. "కానివ్వండి. కానీ బయట. లోపల అగ్గిపుల్ల కూడా గియ్యొద్దు."

బయట గ్యాస్ స్టవ్ మీద పాలు పొంగాయి. ఆయన ఒక గుక్క తాగి, "ఇంత హడావుడి చేస్తే బీరేమో అనుకున్నా" అంటూ అటక మీద పలకలు బిగించడానికి నిచ్చెనెక్కాడు. మా ఆవిడ మిగతావాళ్ళతో కలిసి టీ గదికి వెళ్ళింది.

హారతి మిగిలిపోయింది. బయట గాలికి కర్పూరం అంటుకోవడం లేదు. ఆయన మాట చెవిలో ఉంది. అయినా, బూడిద కూడా మిగలని కర్పూరంతో ఏమవుతుందనుకున్నాను. పుట్టినప్పటి నుంచి పూజగదిలో చూసిన మంటంటే భయమెందుకుంటుంది? లోపలికెళ్ళి, కిటికీ కింది దుంగ మీద కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించాను. కిటికీకి ఇంకా అద్దాలు లేవు. గాలి విసురుకి వెలుగుతున్న బిళ్ళ జారి సందులో పడింది.

ఊదాను. మంట కనిపించలేదు. ఆరిపోయిందనుకునేలోపే వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. దుంగ మీద అరచెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలింది.

పైన సుత్తి మోగుతూనే ఉంది. ఒక్క కేక వేస్తే ఆయన దిగేవాడు. వెయ్యలేదు. వద్దన్న పని చేశానని తెలుస్తుందని భయం. ఇండియావాళ్ళు పూజ చేసి ఇల్లు తగలబెట్టారంటారని ఇంకో భయం. ఆయనకి తెలిసేలోపు ఆర్పేద్దామని సీసాలో నీళ్ళు సందులో పోశాను. వేళ్ళతో నాచు పీకాను. పీకిన కొద్దీ గాలి తగిలి, లోపల ఎర్రగా పక్కకి పాకింది. వేళ్ళు కాలుతున్న సంగతే తెలియలేదు. గోడ సందుల్లోంచి పొగ అటక వైపు పోతోంది.

సుత్తి ఆగింది. దగ్గు వినిపించింది. తరవాత అదీ ఆగింది.

అప్పుడు అరిచాను. నిచ్చెన సగం ఎక్కేసరికి పొగలో ఆయన బూటు కనిపించింది. మెట్టు కోసం వెతుకుతోంది, దొరకడం లేదు. పట్టుకుందామని చెయ్యి చాచాను. ఇద్దరం కలిసి కింద పడ్డాం. ఆయన కదల్లేదు. చంపేశాననుకున్నాను. చంకల కింద పట్టుకుని గుమ్మం బయటికి ఈడ్చాక, గడ్డి మీద మళ్ళీ దగ్గాడు. అప్పటికి మిగతావాళ్ళు నీళ్ళ పైపుతో పరుగెత్తుకొచ్చారు.

కాస్త తేరుకున్నాక అడిగాడు, "లోపలేమైనా వెలిగించావా?"

"లేదు."

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. పొద్దున హీట్ గన్‌తో తలుపు రంగు గీకింది ఆ చేతులే. "అయితే నేనే" అన్నాడు.

పాత ఊరిని నడిపే కమిటీ ఆయన దగ్గర తాళాలు తీసుకుంది. ఆయన రావడం మానేశాడు. నేను కట్లు కట్టిన చేతులతో ఫోటో దిగాను.

పోయిన ఆదివారం ఆయనింటికి వెళ్ళి చెప్పాను. గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. కర్పూరం గురించి ఏమీ అడగలేదు.

"పొగ మొదలైనప్పుడు, నేను పైనున్నానని నీకు తెలుసా?"

"తెలుసు."

"కమిటీకి చెప్పు. అది కూడా చెప్పు" అని తలుపేసుకున్నాడు.

కమిటీ సమావేశం రేపు. నిప్పు నావల్లే పడిందని చెప్పగలను. కానీ పైన మనిషి ఉండగా నోరు మూసుకుని నాచు పీకుతూ కూర్చున్నానని ఆ గదిలో ఎలా చెప్పాలో ఇంకా తెలియడం లేదు. అందుకే ముందు ఇక్కడ రాసుకుంటున్నాను.