తొట్టి నీళ్లు

మడకశిర దారిలోని ఆ చిన్న ఊళ్లో లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్ అదొక్కటే. స్నానాలగదిలో తెల్లగా మెరిసే పెద్ద తొట్టి చూపించి, ఓనరు బెంగళూరు అద్దె చెప్పాడు. ఆ తొట్టి చూసే మురిసిపోయి చేరాను. ఎండలు ముదరకముందే బోరు ఎండిపోయింది. ట్యాంకరు తెప్పించమంటే ఓనరు ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు.

"నీళ్లు యాడ నుంచి తెచ్చేదమ్మా? వచ్చినప్పుడు ఆ తొట్టిలో పట్టి పెట్టుకో. అవే తాగు, అవే పోసుకో."

ఆ మాట నేను మరిచిపోలేదు.

ఒకరోజు కొత్త వియ్యంకులకు తన బిల్డింగు గొప్ప చూపించాలని వాళ్లను వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చాడు. ఎండన పడి వచ్చినవాళ్లకు ముందు నీళ్లివ్వడం మా వైపు మర్యాద. స్నానాలగది తలుపు బార్లా తెరిచి, వియ్యపురాలు చూస్తుండగానే చెంబు తొట్టిలో ముంచాను. అడుగున పేరుకున్న ఎర్రమట్టి పైకి లేచింది. ఆ చెంబు తెచ్చి ఓనరు చేతికిచ్చాను.

"తాగన్నా. నువ్వు చెప్పినట్టే పట్టి పెట్టినా."

అతను గుటక వేసేదాకా చెంబు కింద నుంచి నా చేయి తీయలేదు.