బీడీకి దారం చుట్టేలోపు

నేను ఎనిమిదో తరగతి మధ్యలోనే బడి మానేశాను. అయితే ఏడో తరగతి రెండుసార్లు చదివాను కనుక, మొత్తం మీద చదువు తక్కువేమీ కాలేదని చెప్పుకుంటాను. ఈ మాటతో మా ఊరు ఎల్లారెడ్డిలో చాలామందిని నవ్వించాను. నవ్వని మనిషి, మేమంతా ఆపా, అంటే అక్క, అని పిలిచే రజియా ఒక్కతే. రోజూ పీల్చే వాసనే అయినా, మొన్న బస్టాండు వెనక సందులో నడుస్తుంటే ఎవరింట్లోనో బీడీలకు తడిపి ఉంచిన తునికాకు వాసన, దానితోపాటు తంబాకు ఘాటు ముక్కుకు తగిలాయి. వెంటనే నా అరచేతుల్లో చెమట పట్టింది. నలభై దాటిన మనిషికి ఆకు వాసనకే గుబులు పుట్టడమేమిటని మీరు అడగవచ్చు. ఆపా దగ్గర అరబ్బీ నేర్చుకున్నవాళ్లెవరూ అడగరు.

ఆపా కువైట్‌లో ఒకరి ఇంట్లో ఏడేళ్లు పనిచేసి తిరిగివచ్చిన మనిషి. గల్ఫ్‌కు పోదలచినవాళ్లు గాంధారి నుంచీ పిట్లం నుంచీ మధ్యాహ్నం బస్సులకు వచ్చి ఆమె ముందుగదిలో కూర్చునేవాళ్లు. పుస్తకం లేదు, బోర్డు లేదు. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఆమె పాఠం చెప్పేది. ఆకు చేతిలోకి తీసుకుంటూ అరబ్బీలో ఒక హుకుం వేసేది: నీళ్లు తెమ్మనో, కిటికీ మూయమనో, పిల్లవాడి బూట్లు విప్పమనో. ఆ బీడీకి దారం చుట్టేలోపు, అర్థమైతే ఆ పని చేయాలి. కాకపోతే ‘మా ఫహిమ్త్’ అనాలి, అంటే నాకు అర్థం కాలేదని. ఈ రెండూ చేయకుండా తల ఊపి ‘ఐవా’, అంటే ‘అవును’, అన్నవాడు చెప్పులు వేసుకుని వాకిట్లోకి పోవాలి. మళ్లీ లోపలికి రావడం మరునాడే.

దాదాపు అందరూ వాకిట్లోకే పోయారు. చిన్నప్పటినుంచీ బాపు ఏమన్నా, సారు ఏమన్నా, దొర ఏమన్నా, ముందు ‘ఆఁ’ అని తర్వాత ఆలోచించుకోవడం అలవాటైన ప్రాణాలు మావి. పెద్దవాళ్లను రెండోసారి అడిగితే ఎదురు చెప్పినట్టే కదా. మొదటి వారం గదిలోకంటే వాకిట్లోనే మంది ఎక్కువ. దారినపోయేవాళ్లు ఆ ఇంట్లో ఏం జరిగిందోనని ఆగి అడిగేవాళ్లు.

నా జబ్బు వేరు. అర్థం కాకపోతే నేను తల ఊపను, ఏదో ఒక మజాక్ చేస్తాను. అందరూ నవ్వుతారు, ఆ సందడిలో దారం చుట్టడం అయిపోతుంది, నా వంతు దాటిపోతుంది. ఇలా పది రోజులు గడిపాక ఒకనాడు ఆపా చాట కింద పెట్టింది.

“సాయిలూ, సమజ్ గాకపోతె నవ్వుతవు గదా నువ్వు?”

“నవ్వుడు ఆరోగ్యానికి మంచిది ఆపా.”

“ఎవరి ఆరోగ్యానికి?”

ఆపా నా వైపు చూడకుండా చెప్పింది. “నేను పోయిన కొత్తల మా సేఠాని, ఆ ఇంటామె, ఏందో చెప్పింది. తలుపు అన్న ఒక్క మాటే తెలిసింది నాకు. ఐవా అన్న. పోయి వెనక తలుపు తెరిచిపెట్టిన. తాళం ఎయ్యమన్నదంట. ఇంట్ల ముసలాయనకు యాది ఉండకపోయేది, బయటికి పోతడని ఆమె భయం. పోయిండు. గా ఎండల. సాయంత్రానికి దొరికిండు. దొరికినంక పది దినాలు బతికిండు.” కింద రాలిన తంబాకు ఏరుతూ అంది: “నన్ను ఒక్కరు కూడ ఒక్క మాట అనలె. తిట్టినా బాగుండు.”

తర్వాత చాట ఒళ్లోకి తీసుకుంది. ఆ రోజంతా నేను ఒక్క మజాకూ చేయలేదు. ఇంటికి పోయాక మా ఆవిడ జ్వరమేమో అని నుదురు పట్టి చూసింది.

మా బోరు ఎండిపోయి అప్పటికి రెండేళ్లు. ఇంట్లో అందరి ఆశా గల్ఫ్‌లో నాకు రావలసిన డ్రైవర్ ఉద్యోగం మీదే. ఆపా దగ్గర చేరకముందు ఒకసారి ఆ ఉద్యోగపు పరీక్షకు పోయి, అన్నిటికీ నవ్వేసి, ఖాళీ చేతులతో తిరిగివచ్చాను. గల్ఫ్‌కు పంపే ఏజెంటు కచ్చితంగా చెప్పేశాడు: “ఈసారి గూడ గాకపోతె నీ పాస్‌పోర్టు నీకిచ్చేస్త. మళ్ల నా దిక్కు రాకు.”

పరీక్ష కామారెడ్డిలో. ఆపా కూడా అదే బస్సెక్కింది. ఆమెకు అక్కడ ఆసుపత్రి పని ఉందట. భయానికి నా నోరు ఆగలేదు. దారి పొడవునా కండక్టర్‌ను, పక్క సీట్లవాళ్లను నవ్విస్తూనే ఉన్నాను. ఆపా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం, “నీ మజాకులన్ని బస్సుల్నే పెట్టి రా. పైకి మోసుకపోకు” అంది.

పైఅంతస్తు గదిలో ఏజెంటు ఫోను నిలబెట్టి పట్టుకున్నాడు. అవతల వీడియోలో డ్రైవర్ కావలసిన ఇంటి యజమాని. నాకంటే ముందు పోయిన ఇద్దరూ చిరునవ్వుతో ఐవా, ఐవా అని రెండు నిమిషాల్లో బయటికి వచ్చారు. నా వంతు వచ్చింది. ఆయన గబగబా ఏదో అడిగాడు. పిల్లవాడు, కారు, ఈ రెండే తెలిశాయి. అలవాటైన నవ్వు పెదవుల దాకా వచ్చేసింది. అప్పుడు నేనెన్నడూ చూడని ఒక ముసలాయన ఎండలో నడుస్తూ కనిపించాడు.

“మా ఫహిమ్త్” అన్నాను.

ఏజెంటు నా తొడ గిల్లాడు. యజమాని మళ్లీ చెప్పాడు. మళ్లీ అదే మాటన్నాను. ఏజెంటు మొహం నల్లబడింది. మూడోసారి ఆయన చేతిలోని కప్పు కింద పెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. తన చిన్నకొడుకుకు మూర్ఛలు వస్తాయి. కారులో వస్తే ఏం చేస్తావు? కారు ఆపుతాను, పక్కకు తిప్పి పడుకోబెడతాను, మీకు ఫోన్ చేస్తాను అని చెప్పాను. నాలుకకంటే చేతులే ఎక్కువ చెప్పాయి. ఆయన కప్పు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. చివరికి పనిలోకి రమ్మన్నాడు.

మెట్ల దగ్గర ఆపా నిలబడి ఉంది. ఆసుపత్రికి పోనేలేదు.

“ఎన్నిసార్లు చెప్పిచ్చుకున్నవ్?”

“మూడుసార్లు ఆపా.”

“మూడేనా? నేనైతె నాలుగుసార్లు చెప్పిచ్చుకుందు.” ఆమె మజాక్ చేయగా నేను విన్నది అదొక్కటే.

ఆ పిల్లవాణ్ని ఐదేళ్లు బడికి తీసుకుపోయాను. కారులో రెండుసార్లు మూర్ఛ వచ్చింది. రెండుసార్లూ ఏం చేయాలో నాకు తెలుసు. నేను తిరిగివచ్చిన మరుసటి ఏడు ఆపా చనిపోయింది. ఇప్పుడు ఆ ముందుగదిలో క్లాసు నాది; పక్కన ఆమె కోడలు బీడీలు చుడుతుంది. మజాకులు మానలేదు గాని, నవ్వే ముందు నాకు విషయం తెలిసిందా లేదా అని ఒక్క క్షణం నన్ను నేనే అనుమానించుకుంటాను. నేను నేర్పి పంపినవాళ్ల నుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి జంకుతాను. ఎవరు ఎక్కడ తల ఊపారో, ఏ తలుపు తెరిచిపెట్టారో అని.

గాంధారి దగ్గరి తండా నుంచి శాంతిబాయి అనే ఆమె వస్తోంది. ఒక ముసలామెను చూసుకునే పనికి వారంలో విమానమెక్కాలి. మందులు ఎప్పుడెప్పుడు ఇవ్వాలో అరబ్బీలో చెప్పాను. అర్థం కాలేదంది. మళ్లీ చెప్పాను, మళ్లీ అదే మాట. నాలుగోసారి నాకే కంగారు పుట్టి, ఆ కంగారు మజాకై బయటికి వచ్చింది.

“శాంతిబాయీ, గిట్లనే అడుగుకుంట కూసుంటె నీ సేఠాని నిన్ను మరునాడే గాంధారికి వాపస్ పంపుతది!”

గదంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

“పంపనియ్యి అన్నా. గాంధారి నుంచి నేను మళ్ల పోత. తెల్వకుంట గోలి ఇస్తె, ఆ ముసలామె ఏడ నుంచి వాపస్ వస్తది?”