విమానం ఇంజిన్‌కు వేసిన రంగు

మా మామ మిలిటరీలో విమానాల మెకానిక్‌గా చేసి వచ్చాడు. డెబ్బైల్లో ఎక్కడో పాత సామాను వేలంలో యుద్ధకాలం నాటి విమానం ఇంజిన్ ఒకటి పట్టుకొచ్చి, దుమ్ముగూడెం దాటాక గోదావరి ఒడ్డున నీళ్ల పంపుకు బిగించాడు. గుండ్రంగా తొమ్మిది సిలిండర్లు, ముందర పెద్ద ఫ్యాన్. ఆకాశంలో తిరిగింది మన మళ్లకు నీళ్లు తోడుతోందని ఊరంతా మురిసేది. మామ దగ్గరే ఉండి పంపు పని చూసే మేనల్లుణ్ణి, ఆ పొగడ్తల్లో నా ఊసే లేదని నాకు ఒళ్లు మండేది.

దాన్ని నడిపింది ఒక కోయ అన్న. పదేళ్లు మామ దగ్గరే పని నేర్చాడు. ఐటీఐ చదివిన పొగరుతో నేను అతని మీద పెత్తనం చేసేవాణ్ణి.

ఒక ఏడు దసరాకు మామ ఖమ్మంలో దవాఖానాలో ఉన్నాడు. ఆయుధపూజకు మిషన్లన్నిటికీ రంగేయడం మా దగ్గర ఆనవాయితీ. మామ ఆ ఇంజిన్‌కు మాత్రం బొట్టు తప్ప ఏదీ పెట్టనిచ్చేవాడు కాదు. నేను ఎర్ర పెయింట్ డబ్బా తెచ్చి, సిలిండర్ల చుట్టూ ఉన్న సన్నని రేకుల సందులు కూడా వదలకుండా మందంగా పూశాను. దాని మీద పసుపు ముద్ద మెత్తాను.

"వద్దు తమ్మీ. గాలి ఆ సందులల్లకెల్లే పోవాలె. లేకుంటే కాలిపోతది," అన్నాడు అన్న.

"నువ్వు చెప్తవా నాకు?" అన్నాను.

మూడో రోజు, వరి పొట్ట మీదుండగా, ఇంజిన్ వేడెక్కి పట్టేసింది. దాని విడిభాగాలు ఎక్కడా దొరకవు. మామ దవాఖానా నుంచి నేరుగా వచ్చి, సందుల్లో గోరుతో గీకి చూసి, "ఎవడు పూసిండురా?" అన్నాడు.

నేను అన్నను చూపించాను. నా చెయ్యి పడిపోవాల్సింది.

"నేను కాదు," అన్నాడు అన్న. మామ వినలేదు. "కోయోనికి మిషన్ అప్పజెప్పుడు నాదే తప్పు," అని రేపటి నుంచి రావద్దన్నాడు. మేనల్లుడి మాటకున్న విలువ పదేళ్ల చాకిరీకి లేకపోయింది. ఆ ఏడు ఎకరం కూడా పండలేదు.

ఇంజిన్‌ను పాత ఇనుము వాళ్లు ముక్కలు చేసి పట్టుకుపోయారు. అల్యూమినియం కరిగించి గిన్నెలు పోశారట. మామ మళ్లీ ఏ మిషనూ ముట్టకుండానే, రంగు పూసింది నేనని తెలియకుండానే పోయాడు.

తొంభైల్లో భద్రాచలం బస్టాండులో అన్న కనబడ్డాడు. మామ పోయాడని చెప్పాను.

"పోయేముందు చెప్పినవా తమ్మీ, నేను పుయ్యలేదని?"

"అవ్ అన్నా, చెప్పిన."

అతని మొహం విప్పారింది. చాయ్ తాగి పొమ్మని చెయ్యి పట్టుకొని లాక్కెళ్లాడు. సిగ్గులేకుండా తాగాను.