నాలుగో పేజీలో గేదె

ఇది ఒక మహాకావ్యం. ఇందులో యుద్ధముంది, వియోగముంది, సముద్రమంత దుఃఖముంది. ఓపిగ్గా కూర్చుంటే పర్వాలు పర్వాలుగా చెబుతాను.

అబద్ధం. యుద్ధం లేదు. సముద్రం హైదరాబాదుకు ఎటువైపు నుంచి చూసినా దూరమే. ఉన్నదల్లా నాలుగు పేజీల కథ, అందులో ఒక గేదె, ఆ కథ చదవమని నేను పీడించిన పిల్లలు. వాళ్ళలో ఒకడు చివరి పేజీ వచ్చేసరికి క్లాసులో లేడు. అంతే సంగతి.

అరవైల చివర్లో నేను యూనివర్సిటీలో తెలుగు ట్యూటర్ని. కడప వైపు నుంచి వచ్చి తార్నాకలో ఒక మేడ మీద గదిలో ఉండేవాణ్ని. ట్యూటరంటే లెక్చరరు కంటే తక్కువ, ప్యూను కంటే ఎక్కువ అనుకునేవాణ్ని. తర్వాత తెలిసింది, ప్యూనుకు కూర్చోడానికి స్టూలుందని.

బి.ఏ. పిల్లల్ని వారానికొక గంట నా చేతికిచ్చారు. వాళ్ళ పుస్తకాలు చూస్తే భయమేసింది. పేజీ మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ఎర్రసిరా గీతలు, పక్కన ‘ముఖ్యం’ అని. పెళ్ళికొచ్చిన వాళ్ళందరూ పెద్దమనుషులే అయితే వడ్డించేవాడు ఉండడు. అందుకని ఒక కథను స్టెన్సిల్ కొట్టించి సైక్లోస్టైల్ కాపీలు తీయించడం మొదలుపెట్టాను, కుడివైపు అరచేయి పట్టేంత మార్జిను వదిలి. వారానికి ఒక్క పేజీయే ఇస్తాను. ముందేమవుతుందో ఎవరికీ తెలియకూడదు. పెన్సిలు తప్ప మరేదీ వాడకూడదు. చదువుతూ చదువుతూ మనసు ఎక్కడ ఆగిందో అక్కడ గీత గీసి, ఎందుకాగిందో పక్కన రాయాలి.

"సార్, ఇది పరీక్షకొస్తదా?" అన్నారెవరో వెనక బెంచీ నుంచి.

"రాదు."

"మరెందుకు సార్?"

"నాకు జీతమిస్తున్నారు కదప్పా. ఏదో ఒకటి చెప్పించుకోండి."

కథ ఇదీ. ఒక ముసలాయన భార్య పోయింది. ఇంట్లో గేదె ఆమె చేతికి తప్ప ఎవరికీ పాలివ్వదు. మొదటి పేజీలో ఆమె పోతుంది. రెండో పేజీలో గేదె ఆయన్ని తంతుంది. నల్లకుంట నుంచి వచ్చే కోస్తా అమ్మాయి దాన్ని ‘గేదె’ అంది, మెట్టుగూడ అబ్బాయి ‘బర్రె’ అన్నాడు, నేను ‘ఎనుము’ అన్నాను. ఆ గంట గడిచింది గానీ పేరు తేలలేదు. గేదెకు మాత్రం ఏ ఇబ్బందీ కలగలేదు.

ఆ మెట్టుగూడ అబ్బాయి తండ్రి రైల్వేలో ఖలాసీ. కాపురం రైల్వే క్వార్టర్లో. రెండో పేజీకీ మూడో పేజీకీ మధ్య ఆ తండ్రి పోయాడు. డ్యూటీ దిగి వచ్చి, అన్నం తిని పడుకున్నాడు, లేవలేదు. అబ్బాయి గుండుతో క్లాసుకొచ్చి, రెండు పేజీలూ జాగ్రత్తగా ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

మూడో పేజీలో ముసలాయన పెట్టె తెరుస్తాడు. భార్య చీర కట్టుకుంటాడు. కొంగు తల మీదికి లాక్కుని, చెంబు పట్టుకుని దొడ్లోకి నడుస్తాడు. అక్కడితో పేజీ అయిపోతుంది. క్లాసంతా పగలబడి నవ్వింది. నవ్వించే పని నాదే గనక నేనూ నవ్వాను.

"నువ్వెక్కడ ఆగావు?" అన్నాను, నవ్వని మెట్టుగూడ అబ్బాయిని చూసి.

"సార్, కథ రాసినాయన బర్రెను కట్టే తలుగు ఏం రంగో చెప్పిండు. చెంబుకు సొట్ట ఉన్నదని గూడ చెప్పిండు. చీర రంగు చెప్పలే."

"మరిచిపోయుంటాడండీ" అంది నల్లకుంట అమ్మాయి.

అతను నల్లబల్ల వైపు చూసి జవాబిచ్చాడు. ఆ రోజుల్లో మా అబ్బాయిలు అమ్మాయిలతో నల్లబల్ల ద్వారానే మాట్లాడేవాళ్ళు. "అన్ని యాదుంచుకున్నోడు గదొక్కటి ఎట్ల మర్చిపోతడు? ముసలాయన చీర దిక్కు చూస్తలేడు. చూస్తే కట్టుకోలేడు."

నాకు నిశ్శబ్దం పడదు. ఒక జోకు కోసం వెతికాను. అది దొరికేలోపు గంట కొట్టారు.

వరండాలో పెద్ద రాతి స్తంభాల దగ్గర ఆ అబ్బాయి నా కోసం నిలబడి ఉన్నాడు.

"సార్, నాయిన జాగల నాకు నౌకరి ఇస్తమంటున్నరు. ఒకటో తారీకు లోపల చేరాలె. చేరకుంటె క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. అమ్మను, చెల్లెండ్లను తీస్కొని ఏడికి పోవాలె?"

"మరి చదువు?"

"గదే అడుగుదామని. నౌకరి చేసుకుంట పరీక్ష రాయొచ్చా సార్?"

ఆఫీసుకెళ్ళి హెడ్ క్లర్కును అడిగాను. ఆయన వక్క నములుతూ ఫైళ్ళు సర్దుకుంటున్నాడు.

"క్లాసుల హాజరీ ఉంటదా?"

"ఉండదండీ."

"ఐతే హాల్ టికెట్ ఉండది."

"తండ్రి పోయాడండీ."

"అయ్యో." నిజంగానే బాధపడ్డాడు, నమలడం కూడా ఆపాడు. కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టి, "అట్లయినా ఉండది సార్" అన్నాడు.

మంచి మనిషే. రూలు ఎంతవరకు రాసుందో అంతవరకే చదివాడు.

అబ్బాయికి సంగతి చెప్పాను. తల ఊపాడు. గుండు మీద ఎండ పడుతోంటే చేత్తో కప్పుకున్నాడు.

"చివరి పేజీ ఇప్పుడే ఇయ్యరా సార్?"

"ఇంకా స్టెన్సిల్ కొట్టలేదప్పా."

"బర్రె పాలిచ్చిందా?"

నోరు తెరిచాను.

"వద్దు సార్, చెప్పొద్దు" అన్నాడు. "నేనే చదువుత."

నాలుగో పేజీ వచ్చేసరికి అతని చోటు ఖాళీగా ఉంది. ఆ పేజీలో గేదె చీర వాసన చూస్తుంది. కాసేపు తటపటాయించి పాలు చేపుతుంది. ‘చెంబు నిండింది. ఆయన లేవలేదు.’ కథ అంతే. పిల్లలందరూ పెన్సిళ్ళు తీసి ‘సమస్య తీరింది’ అనీ, ‘సుఖాంతం’ అనీ రాశారు. ఒకడు ‘చాలా సుఖాంతం’ అని కూడా రాశాడు.

ఒక కాపీ మడిచి జేబులో పెట్టుకుని, సాయంత్రం నడుచుకుంటూ మెట్టుగూడ వెళ్ళాను. క్వార్టర్లో వాళ్ళమ్మ రైల్వే యార్డు వైపు చెయ్యి చూపించింది. కంచె దగ్గరికెళ్ళి పిలిస్తే వచ్చాడు. గుండు మీద జుట్టు మొలుస్తోంది. తండ్రి కోటు వేసుకున్నాడు. పైకి మడిచిన చేతులు, ఊడిపోయిన రెండో గుండీ, భుజం మీద మాసిక, అన్నీ గుర్తున్నాయి. రంగు గుర్తు లేదు.

చేతిలో చాక్‌పీసు ఉంది.

"ఏం పనిచ్చారు?"

"ఏ వ్యాగన్ మంచిగున్నది, ఏది సిక్కున్నది, రిపేర్‌కు పోవాలె, పెద్దసారు చూసి చెప్తడు. నేను దాని మీద రాస్త." నవ్వాడు. "మీరు నేర్పిన పనే సార్. మార్జిన్ మాత్రం శానా పెద్దగున్నది."

కాగితం ఇచ్చాను. కంచెకు ఆనుకుని చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఇచ్చింది సార్."

"ఇచ్చింది. క్లాసంతా సుఖాంతమని తేల్చేశారు."

"ఏంది సుఖాంతం?" అన్నాడు, కాగితం మీంచి తలెత్తకుండానే. "ఇయ్యకపోయుంటె గా ముసలాయన చీర మడిచి మళ్ల పెట్టెల పెట్టుకుంటుండె. ఇచ్చింది గదా. ఇగ రోజు కట్టుకోవాలె."

అప్పుడైనా జోకు వేసుండవచ్చు. యార్డులోంచి ఎవరో అతన్ని కేకేశారు. పెన్సిలు కోసం కోటు జేబులు తడుముకున్నాడు. అందులో లేదు, నా దగ్గరా లేదు. చేతిలో ఉన్న చాక్‌పీసుతోనే ‘లేవలేదు’ కింద గీత గీసి, కాగితం నాకిచ్చేశాడు.

"క్లాసుల నాది గూడ కలుపుండ్రి సార్" అని లోపలికి పరుగెత్తాడు.

దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని తార్నాక తిరిగొచ్చాను. గదిలో లైటు వేసి విప్పి చూస్తే గీత లేదు. జేబు అడుగున కాస్త తెల్లటి పొడి ఉంది. సైక్లోస్టైల్ కాగితానికి చాక్‌పీసు పట్టదు. పెన్సిలే వాడాలి.