మూడో సెల్లార్‌లో మేస్త్రి దాచిన సోలార్ ప్లేట్లు

మా ఆఫీసు బిల్డింగ్ మెయింటెనెన్స్ మేస్త్రి పోయారు. సోమవారం పొద్దున గేటు దగ్గర బ్యాగు స్కానర్‌లో పెడుతుంటే సెక్యూరిటీ ఆవిడ చెప్పింది. "మేడం, మీకు ఎరుకేనా? మేస్త్రి పోయిండు. నిన్న అన్నం తిని పండుకున్నడంట, మల్ల లేవలే." నా వెనక నలుగురు ఆగి ఉన్నారు. బ్యాగు తీసుకుని లిఫ్టు ఎక్కాను. ఆరో అంతస్తుకు చేరాక గానీ ఆ మాట నా లోపలికి దిగలేదు.

పడమటి గోడకు అద్దాల బదులు సోలార్ ప్లేట్లు బిగించిన భవనం మాది. వాటిని కడిగించడం, చెడినవి దించడం ఆయన పని. ఆ ప్లేట్లు పుట్టినప్పటి నుంచి పోయేదాకా పర్యావరణానికి ఎంత భారమో లెక్కగట్టడం నా పని. ఇసుకను కరిగించే కొలిమి దగ్గర మొదలుపెట్టి, పగిలిన అద్దం ఎక్కడికి చేరుతుందో అక్కడిదాకా రాయాలి. ఇద్దరం ఒకే గోడ మీద పనిచేశాం. గోడను చూసింది మాత్రం ఆయన.

మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్లింది నీళ్ల గురించే. కడగడానికి ఎన్ని నీళ్లు పడతాయండీ అని అడిగి రాసుకున్నాను. ఆయన నా ట్యాబ్‌లోకి తొంగిచూశారు.

"నీళ్లు రాసిన్రు సరే. ట్యాంకర్ ఏది మేడం?"

"ట్యాంకరా?"

"బోరు ఎండి ఎన్ని దినాలాయె! బాచుపల్లి అవతలికెల్లి వస్తయి నీళ్లు. మీ లెక్కల అవి నడ్సుకుంట వస్తున్నయా ఏంది?"

పక్కనున్న పనివాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాడు ట్యాంకర్ డీజిల్ కలిపి లెక్కంతా మళ్లీ చేశాను. అప్పటినుంచి ఆయనకు నేను లెక్కల మేడాన్ని. నాకు పని నేర్పినవాళ్లు ఎవరని అడిగితే ఇన్నాళ్లూ ప్రొఫెసర్ల పేర్లే చెప్పాను. ఈయన గుర్తుకు రాకపోవడం నాకిప్పుడు వింతగా ఉంది.

ఎండ ఎక్కకముందే కడగడం ముగించేవారు. వేడెక్కిన అద్దం మీద చన్నీళ్లు పడితే చిట్లుతుందని భయం. ప్లేటు వేడిని చేతి వెనకవైపుతో చూసేవారు, పిల్లల జ్వరం చూసినట్టు. దించిన ప్రతి ప్లేటు వెనకా సుద్దముక్కతో రెండు తారీఖులు వేసేవారు, ఎక్కించింది ఒకటి, దించింది ఒకటి. "ఎక్కించేటప్పుడు అందరు ఫోటో దిగుతరు మేడం. దించేటప్పుడు ఎవ్వరుండరు" అనేవారు.

ఈమధ్య మా భవనానికున్న గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ రెన్యువల్ కోసం రిపోర్టు రాస్తూ, ఆయుష్షు తీరాక ఏం చేస్తారన్న గడిలో 'రీసైక్లింగ్' అని పెట్టాను. పాత రిపోర్టులో అలాగే ఉంది, దానికి ముందుదాంట్లోనూ అంతే. పాతికేళ్ల ఆయుష్షు అన్నదీ అలా వచ్చిందే. ఎదురుగా కొత్త టవర్ లేచి గోడ కింది సగం మీద నీడ పడుతోందనీ, నీడ పడ్డ చోటే వేడి పుట్టి అక్కడి ప్లేట్లు కొన్ని అప్పుడే కాలిపోయి దిగిపోయాయనీ ఆ రిపోర్టులో లేదు. మేస్త్రికి చదివి వినిపించాను.

"ఎవరు తీస్కపోతరు?" అన్నారు.

"కంపెనీవాళ్లండీ."

"ఏ కంపెనీ? నంబర్ చెప్పుండ్రి, నేనే ఫోన్ జేస్త."

ఫోన్ చేతిలో పట్టుకుని నిజంగానే ఎదురుచూశారు. నా దగ్గర నంబరు లేదు. వాటిని బిగించిన సంస్థ ఎప్పుడో మూతపడింది.

అందుకే అవి మూడో సెల్లార్‌లో ఉన్నాయి. రెండు కార్లు పట్టే జాగాలో, మధ్యమధ్య అట్టముక్కలు పెట్టి నిలువుగా పేర్చారు. ఆ జాగా ఖాళీ చేయించాలని ఫెసిలిటీ మేనేజర్ గారి తాపత్రయం. ఆయనది భీమవరం వైపు, గొంతు పెంచే మనిషి కాదు. "స్క్రాప్‌కి ఇచ్చేద్దామండీ మేస్త్రి గారూ, ఎన్నాళ్లని దాచుకుంటాం?" అన్నారు మీటింగులో.

"ఇస్తం సార్. వాళ్లు సుట్టూ అల్యూమినియం పీక్కుంటరు, అద్దం తీస్కపోయి చెరువుల పోస్తరు. నా కండ్లతోని జూసిన. ఇంకెవలన్న దొరుకుతరేమో, జర ఆగుండ్రి."

అని నా వైపు చూశారు. నేను టీ కప్పులోకి చూశాను. నోరు తెరిస్తే నా రిపోర్టులో ఉన్నది అబద్ధమని నేనే చెప్పాలి.

ఆ తర్వాత రెండు వారాలకు ఆయన పోయారు. శుక్రవారం స్క్రాప్ బండి వస్తుందని అదే వారం బుధవారం తెలిసింది.

నాకు ధైర్యం తక్కువ. గడిలో మాట కొట్టేసి, 'తీసుకెళ్లేవారు దొరకలేదు. భవనంలోనే ఉన్నాయి' అని రాశాను. ఆ కాగితంతో మేనేజర్ గారి గదికి వెళ్లేలోపు మూడుసార్లు వెనక్కి తిరిగాను. ఆయన చదివి కళ్లజోడు తీశారు.

"సర్టిఫికెట్ పోతే నన్నడుగుతారండీ."

"పోవచ్చండీ. కానీ శుక్రవారం వాటిని పంపించేస్తే ఇది కూడా అబద్ధమే అవుతుంది."

కళ్లజోడు తుడిచి పెట్టుకుని కాగితం ఇంకోసారి చదివారు. చివరికి, "సర్టిఫికెట్ తనిఖీ అయ్యేదాకా ఉంచుతాను. ఆ తర్వాత సంగతి నన్నడక్కండి" అన్నారు. బండి రాలేదు. ఇది సాధించడమో వాయిదా వేయడమో నాకు తెలియదు. మేస్త్రి బతికుండగా ఈ ఒక్క మాట ఎందుకు అనలేకపోయానో అంతకన్నా తెలియదు.

పదకొండో రోజు చందానగర్‌లో మేస్త్రి ఇంటికి వెళ్లాను. రెండు రేకుల గదులు. ప్లేట్లు ఇంకా అక్కడే ఉన్నాయని ఆయన భార్యకు చెప్పాను.

"గదే ఫికర్ ఉండె ఆయనకు" అందావిడ. "మేనేజర్ సారునడిగి, గేటు చిట్టీ రాయించుకోని ఒకటి ఇంటికి తెచ్చిండు, ఇంక నడుస్తదేమో జూస్తనని."

ఇంటి పైన రేకుల మీద ఇటుకలకు ఆనించి ఉంది, ఒక మూల సాలెగూడులా చిట్లిన ప్లేటు. నా రిపోర్టులో దాన్ని పనికిరాని వాటిలో కలిపాను. దాని వైరు కిటికీలోంచి దిగి చిన్న ఫ్యాన్‌కు కలుస్తోంది. ఆ గాలికి, భోజనానికి వచ్చిన ముసలావిడ ఒకరు గోడకానుకుని కునుకు తీస్తున్నారు. మబ్బు అడ్డం వచ్చినప్పుడు ఫ్యాన్ రెక్కలు ఒక్కొక్కటీ కనపడేంతగా నెమ్మదించాయి. ఎవరూ లేచి చూడలేదు. మబ్బు జరిగింది, రెక్కలు మళ్లీ కలిసిపోయాయి. ముసలావిడ కొంగు కొస కదులుతూనే ఉంది.