రత్నమ్మ బర్రెకు ఇచ్చిన రిపోర్టు

కరోనా లాక్‌డౌన్‌లు సడలిన మరుసటి వేసవిలో నన్ను ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు ఒక గ్రామీణ పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంటే గాని అక్కడ నాపైన ఇంకో డాక్టరు లేరు. కింద ఒక అటెండరు, చూసుకోవలసిన ఊళ్లు పదకొండు. పదవీ విరమణకు రెండేళ్లుంది. ఇంక కొత్తగా నేర్చుకునేదేముందిలే అనుకుంటూ చేరాను. ఆ ధీమా తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది.

చేరిన మూడో నెలలో ఒకే పల్లె నుంచి ఒకే ఫిర్యాదు రావడం మొదలైంది. బర్రెలు ఎదకు వస్తున్నాయి, కృత్రిమ గర్భధారణ సూది వేయిస్తున్నారు, చూడి నిలవడం లేదు. మూడు వారాలకు మళ్లీ ఎద. మూడుసార్లు వేయించినా కట్టని పశువును మేము రిపీట్ బ్రీడర్ అంటాం. ఊళ్లో అంత మర్యాద ఉండదు, గొడ్డుమోతు అంటారు. ఆ పేరు ఒకసారి పడిందంటే ఇక సంత దారే.

అలాంటి ఆరింటిలో రత్నమ్మ బర్రె ఒకటి. రత్నమ్మ భర్త దేవదానం తాపీ పనికి వెళ్తాడు, ఆమె పాలకేంద్రానికి పాలు పోస్తుంది. ఉన్నది ఆ ఒక్క బర్రె. దూడగా ఉన్నప్పటి నుంచీ ఆమే పెంచింది. ఇంకో రెండు ఎదలు చూసి, అప్పటికీ నిలవకపోతే కటికవాళ్లకు అమ్మేస్తానని దేవదానం తేల్చి చెప్పాడట. ఎట్లాగైనా దాన్ని నిలబెట్టమని ఆమె నన్ను అడిగింది.

మొదట నేను చేసింది అందరూ చేసేదే. ఖనిజ లవణాల మిశ్రమం రాసిచ్చాను. పశువును సరిగా చూడకుండా లోపం మేతలో ఉందనడం మా వృత్తిలో సుఖమైన దారి. నాలుగో కేసు వచ్చాక గాని టార్చి పట్టుకుని యోనిద్వారం విప్పి చూడలేదు. లోపలి పొర ఎర్రబడి, రాగిగింజల్లాంటి పొక్కులు నిండుగా ఉన్నాయి. మిగతా వాటిని కూడా చూశాను, అన్నిటికీ అవే పొక్కులు.

నా అనుమానం యూరియాప్లాస్మా మీదకు పోయింది. బాక్టీరియాల్లోకెల్లా చిన్నవాటిలో అదొకటి. యూరియాను వాడుకుని బతుకుతుంది గనుక ఆ పేరు. దానికి కణకవచం లేదు, అందుకే ఆ కవచాన్ని దెబ్బతీసే పెన్సిలిన్ దానిమీద పనిచేయదు. బయటి ద్వారం దగ్గర ఉన్నంతకాలం పెద్దగా కనబడదు, గర్భసంచిలోకి ఎవరైనా మోసుకెళ్తే మాత్రం చూడి నిలవనివ్వదు. ఇది మనుషులకు వస్తుందా అని రత్నమ్మ అడిగింది. పశువుల్లోది వేరు, మనుషుల్లోది వేరు, పాలు కాచుకుని తాగితే చాలని చెప్పాను. మనుషుల్లోది దంపతుల మధ్య పాకుతుంది. మామూలు పరీక్షకు అదీ దొరకదు. నింద మాత్రం అక్కడా ముందు ఆడదాని మీదే పడుతుంది.

మరి ఇక్కడ మోసుకెళ్తున్నదెవరు? ఆ పల్లెల్లో సూదులు వేసే మాల్యాద్రి పని దగ్గర నిలబడి చూశాను. చాలా శుభ్రమైన మనిషని ఊరంతా మెచ్చుకునేవారు. సూది వేసే గన్ను పెట్టేముందు తడిగుడ్డతో పశువును తుడిచేవాడు. బకెట్టు ఒకటే, గుడ్డ ఒకటే, ఇంటింటికీ అవే. నేను మండిపడబోతే ఆయన నెమ్మదిగా అన్నాడు.

"మీరు నేర్పించిందే గదమ్మా. తుడవకుండా గన్ను పెట్టొద్దని ఆత్మకూరు ట్రైనింగులో మీరే చెప్పినారు."

చెప్పాను. ఒక పశువుకు ఒక కాగితం, తుడిచి పారేయాలి అని మాత్రం చెప్పలేదు.

రుజువు కోసం దూదిపుల్లలతో నమూనాలు తీయాలి. ఈ జీవికి ప్రత్యేకమైన ద్రావణం, ఐసు కావాలి. రెండుసార్లు రాసినా రాలేదు. ఉన్నదాంతో పంపమన్నారు పై అధికారి. మండే ఎండలో, బస్సులో, నెల్లూరు ల్యాబుకు పొడి పుల్లలు పంపాను. ఎండితే అది చచ్చిపోతుంది. బతికి చేరినా ల్యాబులో క్రిములను పెంచే మామూలు పోషకం మీద పెరగదు. పది రోజులకు ‘నో గ్రోత్’, అంటే క్రిమి ఏదీ పెరగలేదని రిపోర్టు వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మాలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది. రిపోర్టులో లేని రోగానికి మందులెందుకు, ముందు ఈ నెల సూదుల టార్గెట్ చూడండి అన్నారు ఆయన. ఎన్ని వేశారని ప్రతి నెలా అడిగేవారు. ఎన్ని నిలిచాయని ఒక్కనాడూ అడగలేదు. ఇంతకంటే సిగ్గుమాలిన పద్ధతి నా సర్వీసులో చూడలేదు.

ఆయన మాట పక్కనబెట్టి ఆరింటికీ టెట్రాసైక్లిన్ మొదలుపెట్టాను. రెండు ఎదలు సూది వేయించకుండా వదిలేయాలన్నాను. దేవదానం గడువు కూడా సరిగ్గా అంతే. అతను రిపోర్టు కోసం వచ్చిన రోజు నేను మీటింగుకు బయల్దేరుతున్నాను. నకలు మీద సంతకం పెట్టి చేతికిచ్చి, తర్వాత మాట్లాడదామని జీపెక్కాను. ఆ వారమే బర్రెను అమ్మేశాడు.

రత్నమ్మ ఆసుపత్రికి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు.

"రోగముంటే మందుకు ఆగేవోడమ్మా. రోగమేం లేదని కాయితంలో ఉండాది, అయితే గొడ్డుదే గదా అని తోలేసినాడు. ఆ కాయితం మీద సంతకం నీదే గదా."

ల్యాబు తప్పని చెప్పవచ్చు. ఆమెకు ల్యాబు ఎవరో తెలియదు, నేను తెలుసు.

మిగిలిన అయిదింటికీ చికిత్స పూర్తయింది. తర్వాత మాల్యాద్రి ఒక్కో పశువును ఒక్కో కాగితంతో తుడిచి, గన్నుకు రెండు తొడుగులు వేసి, బయటి క్రిమి లోపలికి పోకుండా పైతొడుగును గర్భసంచి ద్వారం దగ్గరే వదిలేసి సూది వేశాడు. నాలుగు చూడి కట్టాయి. రత్నమ్మది కూడా కట్టేదని ఒట్టేసి చెప్పలేను. కట్టే అవకాశం మాత్రం దానికి దక్కలేదు.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా అలాంటి ప్రతి రిపోర్టు కింద తెలుగులో నా చేత్తో ఒక వాక్యం రాశాను: ‘క్రిమి దొరకలేదు, లేదని దీని అర్థం కాదు.’ ఎందుకు రాస్తున్నారని మెమో వచ్చింది. జవాబిచ్చి, రాస్తూనే ఉన్నాను. ఆ వాక్యానికి అర నిమిషం పడుతుంది. దేవదానం వచ్చిన రోజు ఆ అర నిమిషం నా దగ్గర ఉంది.