సాంచాల ఇంట్లో వాగు చేపలు

పెళ్లయి సిరిసిల్లకు వచ్చిన కొత్తలో నన్ను చూడటానికి వచ్చిన ఆడవాళ్లు ముందు నా చీర చూసేవాళ్లు, ఆ తర్వాత గాజు తొట్టి చూసి ముక్కున వేలేసుకునేవాళ్లు. దానిలో ఈదే వాటి గురించి నేను వ్యాసాలు కూడా రాస్తానని తెలిశాక మా అత్తమ్మ మీద జాలిపడ్డారు. “ఏం చేస్తం, దానికి గదొక్కటే పిచ్చి. సినిమా అడుగది, షికారు అడుగది. పోనీ అనుకున్న” అని అత్తమ్మ వాళ్లకు చాయ్ పోసి పంపేది.

హైదరాబాదు నుంచి ఒక చిన్న పత్రిక వస్తుంది. అక్వేరియం పెంచుకునేవాళ్లే రాస్తారు, వాళ్లే చదువుతారు. ఇప్పుడది కాగితం మీదకన్నా ఫోన్లోనే ఎక్కువ తిరుగుతోంది. గప్పీ చేపల మీద, ఫైటర్ చేపల మీద, తొట్టిలో పాచి పట్టకుండా చూసుకోవడం మీద నావి అందులో చాలా వచ్చాయి. ఒకరోజు సంపాదకుడు ఫోన్ చేసి, “అమ్మా, బజార్లో కొన్న చేపల గురించి అందరూ రాస్తున్నారు. మీ వైపు వాగుల్లో ఏమున్నాయో ఒక్కరూ రాయడం లేదు” అన్నాడు. ఆ మాట నన్ను పట్టుకుంది, ఎందుకంటే మా వాగులో ఏముందో నాకు తెలుసు.

మా తల్లిగారిల్లు బెల్లంపల్లి. బాపు బొగ్గుబాయిలో పనిచేశాడు. మా క్వార్టర్ల వెనక కొంతదూరం నడిస్తే వాగు, వాగులో బండల మధ్య ఒక మడుగు. చిన్నప్పుడు మా అమ్మ, అంటే అవ్వ, చీరకొంగు చించి ఇస్తే దాన్నే వలగా పట్టుకుని తిరిగేవాళ్లం. దొరికినవన్నీ మాకు పరకలే, ఒక్కోదానికి ఒక్కో పేరుంటుందని ఎవరికి తెలుసు? వాటిలో వేలంత పొడవున్న ఒక మట్టిరంగు చేప మాత్రం కొంగులో పడగానే తెల్లబోయేది. చచ్చిందేమో అని వదిలేస్తే నీళ్లలో మళ్లీ మట్టిరంగుకు వచ్చేది. చాలా ఏళ్ల తర్వాత దానిని బాడిస్ అంటారని, ఇష్టపడి పెంచేవాళ్లు దానికోసం వెతుక్కుంటారని చదివి అలాగే కూర్చుండిపోయాను.

సంపాదకుడు ఆ మాటన్న ఏడే అవ్వ వాళ్లు నాకు ఒడిబియ్యం పోశారు. ఆడపిల్ల ఒళ్లో బియ్యం, పసుపు, ఎండుకొబ్బరి కుడుకలు పోసి పంపుతారు కదా, ఆ మూట ఒక చేత్తో, మామిడికాయ తొక్కు పెట్టే జాడీ ఒక చేత్తో పట్టుకుని బస్సెక్కాను. సిరిసిల్లలో దిగి ఇంటికి రాగానే అత్తమ్మ జాడీ మీద బట్ట తీసి తొంగిచూసింది.

“తొక్కు అనుకుంటి. గిదేందే, ఒడిబియ్యంతోని శాపలు గూడ పోసిండ్రా మీవోళ్లు?”

“వాగుల పట్టుకొచ్చిన అత్తమ్మా.”

“సల్లగుండ. ఇగ మొసలి తేకు” అని లోపలికి వెళ్లిపోయింది.

మా ఇంట్లో మనుషులకన్నా సాంచాలకు జాగా ఎక్కువ. మరమగ్గాలను మేం అలాగే అంటాం. ముందు గదంతా అవే. వాటిని మా ఆయన నడుపుతాడు, గోడవారగా కూర్చుని అత్తమ్మ నూలు కండెలు చుడుతుంది. తొట్టి పెట్టడానికి నాకు దొరికింది ఆమె పక్కన ఉన్న ఆ మూల ఒక్కటే. ఒక మగ చేప, రెండు ఆడ చేపలు. అడుగున ఇసుక, బాదం ఆకులు, దాక్కోవడానికి పగిలిన కుండ పెంకు.

ముందు కొన్నాళ్లు అవి బురదముద్దల్లా ఆకుల కిందే ఉన్నాయి. కొన్న మేత ముట్టలేదు. కదిలేది తప్ప తినవని అర్థమై పెరట్లో ఒక బకెట్లో దోమపురుగులు పెంచాను. దోమల మందు కొట్టడానికి వచ్చినవాళ్లకు ఆ బకెట్ కనబడకుండా దాచడానికి నేను పడ్డ పాట్లు ఏ వ్యాసంలోనూ రాయలేదు. ఆ పురుగులు తిన్నాక ఒక పొద్దున మగ చేప పెంకు మీదికి వచ్చి నిలబడింది. ఒళ్లంతా ఇటుకరంగు చుక్కలు, రెక్కల అంచున నీలం. ఆడ చేప దగ్గరికి రాగానే చుక్కలన్నీ కలిసిపోయి నల్లటి పట్టీలయ్యాయి. ఆడది పక్కకు తప్పుకోగానే మగదాని ఒళ్లంతా నీలం. చేతిలో కడగని బియ్యం గిన్నెతో నేను అట్లాగే నిలబడిపోయాను. బట్ట రంగు మారాలంటే మా ఆయన కండెలు మార్చాలి, పడుగు చుట్టిన బీము మార్చాలి, పోగులు అతకాలి. దీనికి కోపమొస్తే చాలు. ఇంత చిన్న ఒంటికి ఇంత పని ఎవరు నేర్పారు? ఆ పూట అన్నం ఆలస్యమైంది, మాటలు పడ్డాను.

ఎండాకాలంలో బెల్లంపల్లి పోతే మడుగు లేదు. వాగు మీద కొత్త రోడ్డు పడింది, బండలున్న చోటంతా మట్టితో పూడిపోయింది. బాపు, నేను కలిసి వాగు వెంట కిందికీ మీదికీ నడిచాం. అడవి వైపు ఇంకో మడుగులో నీళ్లు నిండుగా ఉన్నాయి, వేరే పరకలు ఉన్నాయి, ఈ చేప మాత్రం కొంగులో పడలేదు. “ఇగ నీ కాడున్నయే మిగిలినయ్ బిడ్డా” అన్నాడు బాపు. తిరుగు బస్సులో నాకు ఆ మాటే చెవిలో తిరిగింది. లోకంలో ఎక్కడైనా బాడిస్ ఉండవచ్చు. మా వాగు బాడిస్ మాత్రం కండెల పక్కన గాజు తొట్టిలో ఉన్న ఆ మూడే. అవి పిల్లలు పెట్టకుండా పోతే ఇక అంతే.

వానలు మొదలయ్యాక మగ చేప పెంకు కిందికి పోయి బయటికి రావడం మానేసింది. వంగి చూస్తే పెంకు లోపల సన్నటి ముత్యాల్లా గుడ్లు. ఆడ చేపల్ని దూరంగా తరిమి అది ఒక్కటే రెక్కలతో గుడ్లకు విసురుతోంది. విసరడం ఆపితే గుడ్లకు బూజు పడుతుంది, భయపడితే తన గుడ్లు తానే తినేస్తుంది. అది నేను చదివి ఉన్నాను కాబట్టి ఊపిరి గట్టిగా వదలడానికి కూడా భయపడ్డాను. వ్యాసం రాశాను. నీళ్లు, ఆకులు, మేత, పెంకు ఏ కుండదో కూడా రాసి, చిన్న వీడియో తీసి పంపాను.

సంపాదకుడు వెంటనే ఫోన్ చేశాడు. “అద్భుతంగా ఉందమ్మా. కానీ ఆ చప్పుడేమిటి? ఇంటి పక్కన రైలు పోతుందా?”

“ఏం చప్పుడండీ?”

“చెవులు పగిలిపోతున్నాయి కదమ్మా!”

నేను వీడియో పెట్టుకుని విన్నాను. నాకేమీ వినబడలేదు. అప్పుడు మా ఆయన సాంచాలు ఆపి పోగు అతుకుతుంటే మళ్లీ పెట్టాను. ఫోన్లోంచి టకటకామని సాంచాలన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. తల్లిగారింట్లో నేను మాట్లాడినప్పుడల్లా, అరుస్తున్నానని, “ఎందుకే గట్ల ఒర్లుతవ్” అని అవ్వ ఎందుకంటుందో ఆ రోజు తెలిసింది. ఆకుల లెక్క రాసినదాన్ని, ఆ చేప పుట్టెడు చప్పుడులో బతుకుతోందని రాయలేదు. ఈ ఇంట్లో ఎవరూ రాయరు. మాకది చప్పుడు కాదు.

మర్నాడు లైను పని ఉందని పొద్దున్నే కరెంటు తీశారు. వీధి వీధంతా సాంచాలు ఆగిపోయాయి. నేను తొట్టి దగ్గరికి వచ్చేసరికి మగ చేప పెంకు వదిలి మూలకు పోయి ఉంది. ఒళ్లు తెల్లగా పాలిపోయింది, చిన్నప్పుడు కొంగులో పడ్డప్పటిలాగే. నీళ్లలోకి గాలి కొట్టే మిషన్ ఆగినందుకేమో అనుకుని చెంబుతో నీళ్లు తీసి మీది నుంచి పోస్తూ కూర్చున్నాను. కదల్లేదు. తర్వాత కదిలి పెంకు దగ్గరికి వచ్చింది, గుడ్ల ముందు నోరు తెరిచింది, మళ్లీ మూలకు పోయింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

అత్తమ్మ ఆ పూట కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతోంది. కరెంటు పోయినప్పుడల్లా ఆమెకు అంతే, పండుకోలేదు, కూర్చోలేదు. నా దగ్గరికి వచ్చి ఆగింది.

“శాపకు గూడ నా లెక్కనే అయితుందేమోనే. సప్పుడు లేకపోతె నాకు పాణం కొట్టుకుంటది.”

వెక్కిరింతకే అంది. నేను తలెత్తి ఆమెను చూశాను. ఆమె నన్ను చూసింది. ఇద్దరం మా ఆయన్ను చూశాం.

“ఏంది?” అన్నాడాయన.

“సాంచ తిప్పుర” అంది అత్తమ్మ.

“కరెంటు లేదు గదనే!”

“చెయ్యి లేదా?”

పోగు తప్పినప్పుడు సాంచాను వెనక్కి ముందుకు జరపడానికి పక్కన చక్రం ఉంటుంది. తలకొట్టుకుంటూ ఆయన ఆ చక్రం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. సాంచ మూలిగి, టక్కుమని, మళ్లీ టక్కుమంది. అది సరిపోదని అత్తమ్మ, సాంచలో పోగును అటూ ఇటూ మోసే చెక్క నాడె పాతది ఒకటి తీసుకుని తొట్టి కింది చెక్క మీద కొట్టసాగింది. ఎన్నేళ్లుగా చెవిలో ఉన్న దరువో, ఒక్క దెబ్బ తప్పలేదు. “రాజన్నా, పిల్లలైతే కోడె కడ్త” అని వేములవాడ దేవుడికి మధ్యలో మొక్కుకుంది కూడా. గుడి చుట్టూ కోడెను తిప్పి కడతామని మనుషుల పిల్లల కోసం మొక్కేవాళ్లే కానీ చేప పిల్లల కోసం మొక్కింది మా అత్తమ్మ ఒక్కతేనేమో.

నేను గాజుకు ముఖం ఆనించి చూస్తున్నాను. ముందు కన్ను చుట్టూ నలుపు వచ్చింది. తర్వాత పట్టీలు ఒక్కొక్కటీ తేలాయి, వాటి మధ్య నీలం నిండింది. చేప మెల్లగా జరిగి, తోక ముందుపెట్టి పెంకు కిందికి పోయి రెక్కలు ఆడించడం మొదలుపెట్టింది. అది చప్పుడుకే తిరిగొచ్చిందో, దానంతటదే వచ్చేదో నేను చెప్పలేను. సంపాదకుడికీ ఇదే రాశాను. కానీ ఆ క్షణంలో నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. మా ఆయన చెమటలు కక్కుతూ “వచ్చిందా? వచ్చిందా?” అని అడుగుతూ కరెంటు వచ్చేదాకా చక్రం వదల్లేదు.

పిల్లలయ్యాయి. కంటికి ఆనని నలుసులు, ఒక్కోదానికి రెండు కళ్లు. అవి ఎదిగి ఇసుక మీద ఒకదానినొకటి తరుముకునే నాటికి వ్యాసం అచ్చయింది, మా ఇంట్లో సాంచాలు నడుస్తాయనే మాటతో సహా. కోడెను కట్టి వచ్చాక అత్తమ్మ కడిగిన తొక్కు జాడీ నా ముందు పెట్టింది.

“తల్లిగారింటికి ఉత్త చేతులతోని పోతరా? కొన్ని పిల్లల పట్టు. నేను గూడ వస్త.”

బస్సులో జాడీని ఆమె ఒళ్లోనే పెట్టుకుంది, నన్ను ముట్టనివ్వలేదు. బెల్లంపల్లిలో దిగి బాపుతో కలిసి అడవి వైపు మడుగుకు నడిచాం. జాడీ నీళ్లలో ముంచి వంచితే పిల్లలు బయటికి వచ్చి, తెల్లబోయి, ఒక్కచోట గుంపయ్యాయి. పిట్ట అరుపు కూడా లేదు. అత్తమ్మ చుట్టూ చూసింది, చెవిలో వేలు పెట్టి తిప్పుకుంది.

“గింత సప్పుడు లేని కాడ ఎట్లుంటయే ఇవి? సాంచాల కాడ పుట్టినయ్ గద.”

అని, చీర పైకి దోపుకుని నీళ్ల అంచున కూర్చుని, రెండు రాళ్లు ఏరుకుని ఒకదానితో ఒకటి కొట్టింది. టక, టక, టక. సాంచ దరువే. పిల్లల ఒంటి మీదికి మట్టిరంగు తిరిగొచ్చి అవి ఒక్కొక్కటే బండల కిందికి పోతుంటే ఆమె దెబ్బకూ దెబ్బకూ మధ్య కొంచెం ఎడం పెంచుతూ పోయింది.

“అలవాటు జర జరంత తప్పియ్యాలె” అంది, నా వైపు చూడకుండా.

చివరి పిల్ల బండ కిందికి పోయింది. ఆమె ఇంకొక్కసారి కొట్టి, రాళ్లు రెండూ కింద పెట్టింది. మేం ముగ్గురం అక్కడే కూర్చున్నాం.